పిలవని తనిఖీ

పదవీ విరమణ అయిన మూడో వారానికే ఇన్‌స్పెక్టర్ గారిని ఇంట్లోంచి బయటికి పంపే ఏర్పాట్లు ఆయన భార్య మొదలుపెట్టింది. ఇందులో ఆవిడ తప్పేమీ లేదు. ముప్ఫై ఏళ్ళు నగరంలోని లిఫ్టులన్నీ తనిఖీ చేసిన మనిషి, చేతిలో లిఫ్టు లేకపోయేసరికి వంటగది మీద పడ్డాడు. ఉప్పు డబ్బా మూత సరిగ్గా పడటం లేదన్నాడు. పొయ్యి ఎడమ వైపు మంట కుడి దానికన్నా చిన్నగా వస్తోందన్నాడు. చివరికి వంటగదిలో స్టూలుకి ఒక కాలు పొట్టిదని తేల్చి, దాని మీద ఎవరూ ఎక్కరాదని కాగితం రాసి అంటించి, కింద సంతకం కూడా పెట్టాడు. ఆవిడకి ఒళ్ళు మండి, ఆ రోజే పక్కింటి డాక్టరమ్మకు ఫోన్ చేసింది.

"ఈయన్ని మీ శనివారం జట్టులో చేర్చుకోండమ్మా. ఏ గోడకైనా రంగు వేయించండి, ఏ కాలవైనా తవ్వించండి. సాయంత్రానికి అలిసిపోయి ఇంటికొస్తే చాలు నాకు."

డాక్టరమ్మ పళ్ళ డాక్టరు. శనివారం జట్టు ఆవిడ కూడగట్టిందే. వకీళ్ళు, ఇంజనీర్లు, బ్యాంకు ఉద్యోగులు, కంప్యూటర్ల ముందు నడుము వంగిపోయినవాళ్ళు ఒక డజను మంది. శనివారం పొద్దున్నే పాత బట్టలు వేసుకుని, నగరంలో ఎవరికీ పట్టని చోటేదో ఒకటి చూసుకుని బాగుచేస్తారు. వాళ్ళకి ఒకటే నియమం, ఎవరి వృత్తిని వాళ్ళు గేటు బయట వదిలి లోపలికి రావాలి. ఆ నియమం ఊరికే పుట్టలేదు. మొట్టమొదటి శనివారం ఒక బడి గోడకి రంగు వేద్దామని వెళ్ళి, డాక్టరమ్మ కనిపించిన పిల్లలందరి నోళ్ళూ తెరిపించి చూసిందట. వకీలు, ప్రహరీ రెండడుగులు పక్క స్థలంలోకి జరిగిందంటూ నోటీసు రాసిచ్చాడట. ఆర్కిటెక్టు అమ్మాయి, అసలు గోడ ఉండాల్సింది అక్కడ కాదని బొమ్మ గీసి మరీ నిరూపించిందట. సాయంత్రానికి అందరూ బాగా అలిసిపోయారు, గోడ మాత్రం పొద్దున ఎలా ఉందో అలాగే ఉంది. అప్పట్నుంచి డాక్టరమ్మ ఎవరి చేతిలో ఏ చీటీ పెడితే వాళ్ళది ఆ పని. సొంత విద్య ప్రదర్శించినవాళ్ళు జట్టు మొత్తానికీ బ్రష్షులు కడగాలి.

ఇన్‌స్పెక్టర్‌కి ఈ నియమం తెగ నచ్చింది. నియమం అన్నది ఏదైనా ఆయనకి నచ్చుతుంది.

మొదటి శనివారం అందరితో పాటు వ్యాను దిగి, ఎదురుగా ఉన్న అయిదంతస్తుల పాత భవనాన్ని చూసేసరికి మాత్రం ఆయన కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. పెచ్చులూడిన ఆ గేటు స్తంభాలు ఆయనకి తెలుసు. లోపల మెట్ల పక్కన లిఫ్టు ఉంటుందనీ తెలుసు. ఉంది కూడా. దాని తలుపుకి అడ్డంగా ఇనప పట్టీ, పట్టీకి సీలు, సీలు పక్కన ఎండిపోయి చివర్లు ముడుచుకున్న కాగితం. 'ప్రమాదకరం. తదుపరి తనిఖీ వరకు వాడరాదు.' కింద పాము మెలిక లాంటి సంతకం. ఆ సంతకం చదివి పేరు పోల్చగలిగినవాళ్ళు ఇంతవరకు పుట్టలేదు గనక ఆయన గుట్టు బయటపడలేదు. తేదీ చూసుకున్నాడు. పద్నాలుగు నెలలైంది.

రెండో అంతస్తులో తలుపు తెరిచి ఉండగానే లిఫ్టు కదిలిందని ఆరోజు సీలు వేశాడు. అందులో రవ్వంత తప్పు లేదు. ఎవరైనా చూసుకోకుండా అడుగేస్తే నేరుగా గుంటలో పడేవాళ్ళు. మరి ఇన్నాళ్ళూ బాగుచేయించుకోకుండా వీళ్ళేం చేస్తున్నట్టు అని మనసులో విసుక్కుని, చీటీ తెరిచి చూసుకున్నాడు. 'నాలుగో అంతస్తు, మెట్ల గోడ, తెల్ల రంగు' అని ఉంది.

రంగు డబ్బా పట్టుకుని నాలుగు అంతస్తులు ఎక్కేసరికి ఆయన తల ప్రాణం తోకకొచ్చింది. పైన గుమ్మంలో కుర్చీ వేసుకుని ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. డెబ్బై అయిదు దాటి ఉంటాయి. తలకి చుట్టూ బిగించి కట్టిన గుడ్డ, ఒళ్ళో ఫోను, రెండు మోకాళ్ళకీ పట్టీలు. ఆసుపత్రిలో ముప్ఫై అయిదేళ్ళు హెడ్ నర్సుగా చేశానని ఆవిడే చెప్పింది. చెప్పకపోయినా గొంతును బట్టి తెలిసిపోయేది.

"ఆ మూల వదిలేశావు బాబూ."

"వస్తున్నానమ్మా అక్కడికి."

"వస్తావులే. ముందు గోడ అడుగు పట్టీ మీది దుమ్ము తుడవకుండా రంగు వేస్తే రేపే ఊడిపోతుంది."

జీవితంలో మొదటిసారి తననెవరో తనిఖీ చేస్తుంటే ఎలా ఉంటుందో ఇన్‌స్పెక్టర్‌కి తెలిసొచ్చింది. ఏమీ బాగోలేదు. అయినా పట్టీ తుడిచాడు, ఎందుకంటే ఆవిడ చెప్పింది నిజం.

సరిగ్గా పదింటికి ఆవిడ ఫోన్ మోగింది. అవతల చెల్లెలని వినగానే తెలిసింది. మందు వేసుకున్నావా, కిటికీ దగ్గర కూర్చోకు కళ్ళలో గాలి కొడుతుంది, నిన్నటి కూర పారేశావా లేదా, ఇలా ఒక అరగంట సాగింది. మధ్యమధ్య తిట్లు, మధ్యమధ్య నవ్వులు. పెట్టేసే ముందు ఈవిడ గొంతు తగ్గించి, "ఇవాళ ఎంత కనిపిస్తోందే?" అని అడిగింది. అవతల ఏం చెప్పారో గానీ, ఈవిడ ఫోన్ ఒళ్ళో బోర్లా పెట్టి, మోకాలి పట్టీ సర్దుకుంది.

"మీ చెల్లెలు గారు ఏ ఊళ్ళో ఉంటారమ్మా?" అని అడిగాడు ఇన్‌స్పెక్టర్, మర్యాదకి.

"ఊరేమిటి బాబూ, కిందే. మెట్లు దిగితే మొదటి గుమ్మం దానిదే."

ఆయన చేతిలో బ్రష్షు ఆగిపోయింది.

"దానికి గుండె జబ్బు, నాలుగు మెట్లెక్కినా ఆయాసం. నాకు మోకాళ్ళు. లిఫ్టున్నన్నాళ్ళూ రోజూ మధ్యాహ్నం నేను దిగేదాన్ని, సాయంత్రం అది నన్ను పైకి దిగబెట్టేది. మధ్యలో ఎవరో పుణ్యాత్ముడొచ్చి తాళం వేసి పోయాడు." ఆవిడ మామూలుగానే చెప్పుకుపోయింది. "ఒకసారి నలుగురు కుర్రాళ్ళు కుర్చీలో మోస్తామన్నారు. మూడో మలుపులో కుర్చీ ఒరిగి పడ్డాను. తుంటి పట్టేసి నెల రోజులు మంచం దిగలేదు. ఇక నన్నెవరూ ఎత్తనక్కర్లేదని చెప్పేశాను. ఫోనుంది కదా, గడిచిపోతోంది. కానీ దాని కళ్ళే పోతున్నాయి. ఇంకో రెండు నెలలు, మహా అయితే మూడు, ఆ తర్వాత వెలుగూ చీకటీ తప్ప ఏమీ తెలియదన్నాడు డాక్టరు. ఫోన్లో బొమ్మ చూపిస్తే దాని కంటికి ఆనటం లేదు. మొహం మొహం దగ్గర పెట్టుకుంటేనే. అక్కా, నిన్నొక్కసారి చూసుకుంటే తర్వాత ఏమైనా పర్లేదంటుంది పిచ్చిది."

మధ్యాహ్నం అందరూ తినడానికి కూర్చుంటే ఇన్‌స్పెక్టర్ భవనం సంఘం కార్యదర్శిని వెతుక్కుంటూ వెళ్ళాడు. ఆయన పోస్టాఫీసులో పనిచేసి రిటైరైన మనిషి, సౌమ్యుడు, చొక్కా జేబులో మూడు పెన్నులు.

"లిఫ్టు బాగుచేయించి, మళ్ళీ తనిఖీకి రమ్మని ఆఫీసుకి ఒక ఉత్తరం రాస్తే సరిపోయేది కదండీ?" అన్నాడు ఇన్‌స్పెక్టర్, తనెవరో చెప్పకుండా.

"తదుపరి తనిఖీ వరకు అని ఆయనే రాశాడు కదండీ. అంటే వస్తాడనే కదా. వచ్చి ఏమేం బాగుచేయాలో చెప్తే చేయిద్దామని ఎదురుచూస్తున్నాం."

"పద్నాలుగు నెలలా?"

కార్యదర్శి అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "రాద్దామనే అనుకున్నానండీ. కానీ ఆయన కొరకరాని కొయ్యట. చాలా నిజాయితీపరుడట. మనమై మనం పిలిస్తే, ఏదో ముట్టజెప్పి పని కానిచ్చుకోడానికి పిలిచారనుకుంటాడేమోనని భయపడ్డాను. నా సర్వీసులో అలాంటి మాట పడలేదు, ఈ వయసులో ఎందుకని."

ఇన్‌స్పెక్టర్‌కి ఆ భయం బాగా తెలుసు. ఆయనా సరిగ్గా అందుకే రాలేదు. సీలు వేసిన చోటికి రాతపూర్వకంగా పిలిస్తే తప్ప తిరిగి వెళ్ళకూడదన్నది ముప్ఫై ఏళ్ళుగా ఆయన పెట్టుకున్న కట్టుబాటు. పిలవని చోటికి ఇన్‌స్పెక్టర్ రెండోసారి వచ్చాడంటే జనం ఏమనుకుంటారో ఆయనకి తెలుసు. ఆ కట్టుబాటు గురించి కొత్తగా చేరినవాళ్ళకి పాఠాలు కూడా చెప్పాడు. పిలుపు రాని ఫైళ్ళు బీరువాలో ఉండిపోయేవి. అక్కర్లేకనే పిలవలేదని అనుకునేవాడు. ఇటు ఒక నిజాయితీపరుడు, అటు ఒక నిజాయితీపరుడు, మధ్యలో ఇద్దరు ముసలమ్మలు. బీరువాలో అలాంటి ఫైళ్ళు ఇంకా ఎన్ని ఉన్నాయో వేళ్ళ మీద లెక్కపెట్టబోయి, మధ్యలోనే ఆపేశాడు.

అన్నం ముట్టకుండానే మళ్ళీ నాలుగు అంతస్తులూ ఎక్కాడు.

"అమ్మా, ఆ తాళం వేసింది నేనే."

పెద్దావిడ పర్లేదు బాబూ అంటుందేమోనని ఆయనలో ఏ మూలో ఆశ ఉంది. ఆవిడ అనలేదు.

"తాళం వేసినందుకు నిన్నేమీ అనను. ఆ తలుపు సంగతి నాకూ తెలుసు. కానీ ఇన్నాళ్ళలో ఒక్కసారి, వీళ్ళేమయ్యారని ఇటు తొంగి చూడాలనిపించలేదా? వార్డులో రోగికి ఇంజెక్షనిచ్చి వెళ్ళిపోతే నర్సు పని అయిపోదు. మళ్ళీ వచ్చి చూడాలి." ఆవిడ గుమ్మం పట్టుకుని లేచింది. "నువ్వు సీలు వేసిన రోజు దానికి పేపరు చదవడానికి కళ్ళు బాగానే ఉన్నాయి."

ఆ మాట అని, కుర్చీ వెనక్కి జరుపుకుని తలుపు వేసుకుంది. ఇన్‌స్పెక్టర్ సగం తెల్లబడిన గోడ పక్కన అలాగే నిలబడ్డాడు. ఆయన తన ఉద్యోగంలో చాలా తిట్లు తిన్నాడు. అవన్నీ తప్పు పట్టినందుకు తిన్నవే. తప్పు చేసి తిట్టించుకోవడం కొత్త, అది గుండెకి గుచ్చుకుంది.

కిందికి దిగి జట్టు ముందు ఉన్నదున్నట్టు చెప్పేశాడు. పదవిలోకి రాకముందు పదకొండేళ్ళు లిఫ్టు మెకానిక్‌గా చేశాననీ, ఆ లైసెన్సు ఏటా తిరగరాయించుకుంటూనే ఉన్నాననీ, ఈ లిఫ్టు బాగుచేయడం తనకి చేతనవుననీ చెప్పాడు. నియమం తప్పుతున్నందుకు క్షమించమన్నాడు.

అందరూ డాక్టరమ్మ వైపు చూశారు. ఆవిడ మొహం ఎర్రగా ఉంది.

"మీరు లిఫ్టుల ఇన్‌స్పెక్టరని నాకు తెలుసు కదండీ, పక్కింట్లోనే ఉంటాను. పొద్దున్న ఇక్కడ దిగగానే మిమ్మల్ని ఒక మాట అడుగుదామనుకున్నాను. నేను పెట్టిన నియమం నేనే తప్పితే బాగోదని ఊరుకున్నాను." ఆవిడ తనమీద తనకే విసుగొచ్చినట్టు చేయి విదిలించింది. "చేసేద్దాం. బ్రష్షులు మాత్రం మీరే కడగాలి."

మూడు శనివారాలు పట్టింది. ఆ మధ్య రోజుల్లో కూడా ఎవరికి వీలైతే వాళ్ళు ఆఫీసు నుంచి అటే వచ్చేవారు. మేడ మీద మోటారు గదిలో ఇన్‌స్పెక్టర్ బ్రేకు విప్పి అరిగిన ముక్కలు మార్చాడు. ఉక్కు తాళ్ళని అంగుళం అంగుళం గుడ్డతో తుడుస్తూ ఎక్కడా పోగు తెగలేదని చూసుకున్నాడు. కంప్యూటర్ల కుర్రాడు మీటరు పట్టుకుని అయిదు అంతస్తుల్లో వైర్లన్నీ పరీక్షించాడు. లిఫ్టు అడుగున గుంటలోకి దిగి ఏళ్ళ తరబడి పేరుకున్న చెత్త తోడే పని వకీలుకి పడింది. అందులో ఆయనకి పదకొండు చెప్పులు దొరికాయి, ఒక్కటి కూడా జత కాదు. వాటిని వరసగా పేర్చి ఇది కేసు పెట్టదగ్గ విషయమేనని వాదించబోయాడు గానీ ఎవరూ వినలేదు. అయిదు తలుపుల తాళాలూ ఇన్‌స్పెక్టరే విప్పి శుభ్రం చేసి బిగించాడు. అరవై దాటిన నడుము రాత్రిళ్ళు పీకేసేది. ఆయన భార్య నూనె రాస్తూ, వంటగదే నయం కదండీ అనేది, నవ్వుతూనే.

పెద్దావిడ ఈ మూడు వారాల్లో ఆయనతో మాట్లాడలేదు. పదింటి ఫోను మాత్రం రోజూ వినిపించేది. ఇవాళ ఎంత కనిపిస్తోందన్న ప్రశ్నకి అవతలి జవాబు రోజురోజుకీ పొట్టిదవుతోందని ఇటు మౌనాన్ని బట్టి ఆయనకి అర్థమయ్యేది.

చేసినవాడే సరిగ్గా ఉందని సంతకం పెట్టడం కుదరదు గనక, కార్యదర్శి చేత ఉత్తరం రాయించి ఆఫీసుకి పంపించారు. నాలుగో శనివారం పొద్దున తనిఖీకి కొత్త ఇన్‌స్పెక్టర్ వచ్చింది. ముప్ఫై నిండని అమ్మాయి. ఒకప్పుడు మన ఇన్‌స్పెక్టర్ దగ్గరే పని నేర్చుకుంది. ఆయన ఆ అమ్మాయి రాసిన మొదటి నివేదికని ఏడుసార్లు తిప్పి పంపిన సంగతి ఇద్దరికీ గుర్తుంది.

పెద్దావిడ చెల్లెలు, ఆ చిన్నావిడ, అప్పటికే కింద లిఫ్టు తలుపు ఎదురుగా కుర్చీ వేయించుకుని కూర్చుంది. మంచి బట్టలు కట్టుకుంది, కళ్ళజోడు పదేపదే తుడుచుకుంటోంది. పైన పెద్దావిడ కూడా తయారై గుమ్మంలో ఉందని ఆర్కిటెక్టు అమ్మాయి వచ్చి చెప్పింది. జట్టంతా మెట్ల మీద నిలబడి చూస్తున్నారు.

కొత్త ఇన్‌స్పెక్టర్ గుంటలో దిగింది, మేడ మీదికి ఎక్కింది, లిఫ్టుని పైకీ కిందికీ ఇరవైసార్లు తిప్పింది. రెండో అంతస్తు దగ్గర ఆగి, తలుపుని పూర్తిగా మూయకుండా సన్నటి రేకు ముక్క అడ్డం పెట్టి చూసింది. మళ్ళీ చూసింది. కిందికి వచ్చి ఇన్‌స్పెక్టర్‌ని పక్కకి పిలిచింది.

"సార్, రెండో అంతస్తులో గడియ పూర్తిగా పడకముందే పడిందని మోటారుకి కబురెళ్తోంది. వెంట్రుకవాసి తేడా. కానీ ఉంది."

అన్ని తాళాలూ బాగుచేసి, పద్నాలుగు నెలల కిందట తనే తప్పు పట్టిన ఆ ఒక్క తాళంలోనే ఆయన పొరపాటు చేశాడు. చెవులు వేడెక్కాయి. కుర్చీలో కూర్చున్న చిన్నావిడ వైపు చూశాడు. మొన్న ఎవరో చేతికి కాఫీ గ్లాసు ఇస్తే ఆవిడ గాల్లో తడుముకోవడం ఆయన చూశాడు. అప్పుడు జీవితంలో ఎన్నడూ అనని మాట ఆయన నోట్లోంచి వచ్చేసింది.

"అమ్మా, ఒక్కసారికి పోనివ్వకూడదూ? ఒక్క ప్రయాణం. నేనే పక్కన ఉంటాను. తర్వాత మళ్ళీ సీలు వేసుకో."

ఆ అమ్మాయి ఆయన కళ్ళలోకి చూసింది. "మీరైతే పోనిచ్చేవారా సార్?"

ఆయన తల దించుకున్నాడు. సిగ్గేసింది, కోపమూ వచ్చింది. అన్నిటికన్నా ఎక్కువగా గర్వం కలిగింది. ఆ సమయంలో అది రావడం ఆయనకే వింతగా ఉంది.

"లేదు," అన్నాడు.

"అయితే సరిచేయండి. మామూలుగా అయితే మీరు మళ్ళీ ఉత్తరం రాయాలి, నేను వారం తర్వాత రావాలి. మీరు మాకు నేర్పింది అదే." ఆ అమ్మాయి కాగితాలు సంచిలో పెట్టుకుంది. "ఇవాళ మూడింటికి నేనే వస్తాను. పిలవకపోయినా వస్తాను. ఎవరేమనుకుంటారో అనుకోనివ్వండి సార్."

ఇన్‌స్పెక్టర్ రెండో అంతస్తు తలుపు ముందు కూలబడ్డాడు. తాళం విప్పి, బిగించి, రేకు పెట్టి చూసి, మళ్ళీ విప్పాడు. కంప్యూటర్ల కుర్రాడు లైటు పట్టుకున్నాడు, డాక్టరమ్మ పళ్ళ మధ్య సందులు చూసే చిన్న అద్దం సంచిలోంచి తీసి లోపల పెట్టి, ఎక్కడ ముందే తగులుతోందో చూపించింది. అది నియమానికి పూర్తిగా విరుద్ధం, ఎవరూ పట్టించుకోలేదు. పన్నెండయింది, ఒంటిగంటయింది. పదోసారి బిగించాక రేకు పెడితే లిఫ్టు కదలలేదు. రేకు తీసి, గడియ పూర్తిగా పడ్డాకే కదిలింది.

మూడింటికి ఆ అమ్మాయి వచ్చింది. రెండో అంతస్తులోనే గంటసేపు గడిపింది. తర్వాత కిందికి వచ్చి, కాగితం గోడకి ఆనించి సంతకం పెట్టింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. అందరూ మెట్ల మీదనుంచి నాలుగో అంతస్తు వైపే చూస్తున్నారు.

ఇన్‌స్పెక్టర్ లిఫ్టులో పైకెళ్ళాడు. పెద్దావిడ కర్ర పట్టుకుని లేచి నిలబడి ఉంది. ఆయన్ని చూసి చేయి చాపింది. ఆయన పట్టుకున్నాడు. నాలుగు, మూడు, రెండు. రెండో అంతస్తు దాటేటప్పుడు ఆవిడ ఆయన చేతిని గట్టిగా పట్టుకుంది. ఆయన కూడా.

తలుపు తెరుచుకుంది. చిన్నావిడ కుర్చీలోంచి లేవబోయి మళ్ళీ కూలబడింది. పెద్దావిడ నాలుగడుగులు వేసి, వంగలేక వంగి, చెల్లెలి మొహం దగ్గర మొహం పెట్టింది. చిన్నావిడ కళ్ళు చిట్లించి, తల అటు తిప్పి ఇటు తిప్పి, అక్క మొహమంతా వెతికింది. పెద్దావిడ తలకి కట్టుకున్న గుడ్డ వంగినప్పుడు జారి భుజం మీద పడింది.

"అక్కా, నీ జుట్టేదీ?" అంది చిన్నావిడ.

పెద్దావిడ ఏడుస్తోంది. "కత్తిరించేశానే. ఒక్కదాన్నే దువ్వుకోలేక. నువ్వు బాధపడతావని ఫోన్లో చెప్పలేదు."

"చెప్పకపోతే నాకు కనిపించదనుకున్నావా?" చిన్నావిడ రెండు చేతులూ ఎత్తి, అక్క తల మీద పొట్టిగా మొలిచిన తెల్ల వెంట్రుకల్ని నిమిరింది. "మగపిల్లాడిలా ఉన్నావు. బాగున్నావు."

ఇన్‌స్పెక్టర్ లిఫ్టులోంచి బయటికి రాలేదు. తలుపు మూసుకుపోకుండా భుజం ఆనించి నిలబడి, కళ్ళు తుడుచుకోవడానికి కూడా సిగ్గుపడలేదు. జుట్టు సంగతి ఆవిడకి ఎవరూ చెప్పలేదు. తన కళ్ళతోనే చూసింది.